పిల్లల వార్డులో నర్సు పని, నర్సు మాట

పెద్దల వార్డులో రోగి తన బాధ తానే చెప్పుకుంటాడు. పిల్లల వార్డులో ఆ సౌకర్యం లేదు. ఎనిమిది నెలల పాప తనకు చెవిపోటు అని చెప్పలేదు. మూడేళ్ల బాబును ఎక్కడ నొప్పి అని అడిగితే, గొంతు నొప్పి అయినా సరే, చాలాసార్లు పొట్టనే చూపిస్తాడు. కాబట్టి ఇక్కడ జబ్బు ఒకరిది, మాట మరొకరిది. నర్సు బిడ్డ ఒంటిని చదవాలి, తల్లి మాటను వినాలి, రెండింటినీ కలిపి డాక్టరుకు అందించాలి. వార్డులో రోజూ జరిగే కొన్ని పనులను తీసుకుని ఈ పాఠంలో పరిశీలిద్దాం. మందు కొలత దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాం. ఒక్క అంకె తప్పినా బిడ్డ ప్రాణానికి ముప్పు వచ్చే చోటు అది.

ముట్టుకునే ముందు చూడటం

అనుభవం ఉన్న నర్సు మంచం దగ్గరకు రాగానే బిడ్డను ముట్టుకోదు. రెండడుగుల దూరంలో నిలబడి తల్లితో మాట కలుపుతూ బిడ్డ ఊపిరిని లెక్కపెడుతుంది. థర్మామీటరు పెట్టాక, చెస్ట్ మీద స్టెతస్కోపు ఆనించాక బిడ్డ ఏడుస్తాడు. ఏడ్చే బిడ్డ ఊపిరి లెక్క పనికిరాదు. అందుకే ఊపిరి లెక్క ముందు, మిగిలినవి తరువాత. బిడ్డ తల్లి ఒడిలోనే ఉండాలి. చొక్కా పైకెత్తే పని కూడా తల్లికే అప్పగించాలి.

లెక్క నిండా ఒక నిమిషం సాగాలి. పసిపిల్లల ఊపిరి ఒక తీరుగా ఉండదు. కాసేపు గబగబా తీసి కాసేపు నెమ్మదిస్తారు. అర నిమిషం లెక్కపెట్టి రెండుతో హెచ్చవేస్తే తప్పు రావచ్చు. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60 లేదా అంతకు మించి, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50 లేదా అంతకు మించి, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు 40 లేదా అంతకు మించి ఉంటే వేగంగా ఊపిరి తీస్తున్నట్టు. దీనితో పాటు, గాలి లోపలికి పీల్చేటప్పుడు పక్కటెముకల కింది భాగం లోపలికి పోతున్నదా అని చూడాలి. మన తల్లులు దీన్నే "డొక్కలు ఎగరేస్తున్నాడమ్మా" అంటారు. ఆ మాట చెవిన పడితే రికార్డు పక్కన పెట్టి ముందు బిడ్డను చూడాలి.

ఇంకొక సంగతి. వార్డులో గట్టిగా ఏడ్చే బిడ్డ అందరి దృష్టినీ లాగుతాడు. అయితే అంత గట్టిగా ఏడవడానికి ఊపిరీ సత్తువా కావాలి. మూలమంచం మీద చప్పుడు చేయకుండా, సూది గుచ్చినా పెద్దగా స్పందించకుండా, తల్లి పిలిస్తే కళ్లు తిప్పకుండా పడుకున్న బిడ్డ దగ్గరకే నర్సు ముందు వెళ్లాలి. "మావాడు బుద్ధిమంతుడు, ఏడవడు" అని ఆ తల్లి సంబరపడుతుంటే మరీ తొందరగా వెళ్లాలి.

తల్లి చెప్పే మాట

"విరేచనాలు ఎన్నిసార్లు అయ్యాయమ్మా?" అని అడిగితే "చాలాసార్లు" అని జవాబు వస్తుంది. అది అబద్ధం కాదు, కానీ కొలత కాదు. "నిన్న దీపాలు పెట్టిన వేళ నుంచి ఇప్పటిదాకా ఎన్ని గుడ్డలు మార్చారు?" అని అడిగితే అంకె వస్తుంది. "చివరిసారి ఉచ్చ ఎప్పుడు పోశాడు?" అన్నది ఇంకా ముఖ్యమైన ప్రశ్న. ఒంట్లో నీరు ఎంత తగ్గిందో దాని జవాబులో తెలుస్తుంది. ఇక్కడ "మూత్రవిసర్జన" అనే మాట వాడితే తల్లి తడబడుతుంది. పుస్తకంలో ఆ మాట ఉండవచ్చు, మంచం దగ్గర మాత్రం వద్దు.

ఆస్పత్రికి వచ్చే ముందు ఇంట్లో ఏం జరిగిందో రాబట్టడం కష్టమైన పని. ఊళ్లో ఆర్.ఎం.పి. డాక్టరు సూది వేసి ఉండవచ్చు. ఆముదం పట్టించి ఉండవచ్చు. పసరు పోసి ఉండవచ్చు, పొట్ట మీద వాతలు పెట్టి ఉండవచ్చు. ఇవన్నీ వైద్యానికి అవసరమైన సమాచారం. కానీ మొదటి సంగతి చెప్పగానే "చదువుకున్నదానివి, నీకు తెలియదా?" అని కసిరితే రెండో సంగతి బయటికి రాదు. వెనక నిలబడిన నానమ్మ కొంగు పట్టుకుని లాగుతుంది, కోడలు నోరు మూసుకుంటుంది. అడిగే తీరు మార్చాలి. "ఇక్కడికి వచ్చేలోపు మీరూ ఊరికే కూర్చుని ఉండరుగా, ఏమేం చేశారు?" అంటే చెబుతారు. నానమ్మను పక్కకు పంపడం కంటే "మామ్మగారూ, మీరు చూసింది చెప్పండి" అని ఆమెనే అడగడం మేలు. ఇంటికి వెళ్లాక బిడ్డకు ఏం పెట్టాలో నిర్ణయించేది చాలా ఇళ్లలో ఆమే. దిష్టి తీశామని చెబితే దాని మీద వాదన అక్కరలేదు. బిడ్డకు దానివల్ల హాని లేదు. విరేచనాలప్పుడు నీళ్లు, పాలు ఆపేశామని చెబితే మాత్రం వదలకూడదు.

తల్లి పక్కన ఉండటం గురించి ఒక మాట. ఒకప్పుడు ఇంగ్లండులోని ఆస్పత్రుల్లో తల్లిదండ్రులను వారానికి కొన్ని గంటలే లోపలికి రానిచ్చేవారు. 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ ఆస్పత్రిలో ఒంటరిగా గడిపిన రెండేళ్ల పాప మీద ఒక డాక్యుమెంటరీ తీసి వైద్యులకు చూపించాడు. 1959లో సర్ హారీ ప్లాట్ అధ్యక్షతన వచ్చిన నివేదిక తల్లిదండ్రులను ఆంక్షలు లేకుండా రానివ్వాలని సిఫారసు చేసింది. మన సర్కారు దవాఖానాల్లో తల్లి మంచం పక్కనే చాప పరుచుకుని పడుకోవడాన్ని మనలో చాలామంది ఇరుకుగా, ఇబ్బందిగానే చూశాం. బిడ్డకు మాత్రం అది మంచిదే. తల్లికి కూర్చోవడానికి స్టూలు, నడుం వాల్చడానికి చోటు ఇవ్వకపోవడమే మన లోపం.

మందు కొలత

పెద్దలకు ఒక మాత్ర అంటే ఒక మాత్ర. పిల్లలకు ప్రతి మందూ బరువును బట్టి లెక్క. అందుకే చేర్చుకున్న వెంటనే బిడ్డను తూచి, బరువును కిలోల్లో రికార్డు మీద స్పష్టంగా రాయాలి. తల్లి చెప్పిన బరువు రాయకూడదు. అది నెల కిందటిది కావచ్చు.

జ్వరానికి వాడే పారాసిటమాల్‌నే తీసుకుందాం. ఒక మోతాదు కిలోకు 15 మి.గ్రా. అని డాక్టరు రాశారనుకోండి. 10 కిలోల బిడ్డకు 150 మి.గ్రా. కావాలి. ఇప్పుడు బజారులో ఈ మందు మూడు బలాల్లో దొరుకుతుంది. 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉన్న సిరప్ అయితే 6 మి.లీ. ఇవ్వాలి. 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉన్నదయితే 3 మి.లీ. చాలు. పసిపిల్లల డ్రాప్స్‌లో ఒక్కొక్క మి.లీ.కే 100 మి.గ్రా. ఉంటుంది కాబట్టి 1.5 మి.లీ. మాత్రమే. చుక్కల మందు చిన్నపిల్లలది, కాబట్టి పలచగా ఉంటుందని జనం అనుకుంటారు. నిజం దానికి సరిగ్గా ఎదురు. మొదటి సిరప్ కంటే అది నాలుగింతలు చిక్కన. సిరప్ కొలతనే డ్రాప్స్‌కు వాడి 6 మి.లీ. పోస్తే బిడ్డకు 600 మి.గ్రా. వెళుతుంది. మోతాదు మించి పదేపదే ఇస్తే ఈ మందు కాలేయాన్ని దెబ్బతీస్తుంది. కాబట్టి "ఎన్ని మి.లీ.?" అని అడిగే ముందు "ఏ సీసా?" అని అడగాలి.

అభ్యాసం: 8 కిలోల బిడ్డకు ఇదే మోతాదు మూడు సీసాల్లోనూ ఎంతెంత అవుతుందో లెక్కగట్టండి. 4.8, 2.4, 1.2 మి.లీ. రావాలి.

అంకెలు రాసే పద్ధతీ ముఖ్యమే. సున్న లేకుండా ".5" అని రాస్తే చుక్క కనబడక 5 అవుతుంది. "5.0" అని రాస్తే 50 అవుతుంది. మొదటి దానిలో సున్న ఉండాలి, రెండో దానిలో ఉండకూడదు. నోటితో చెప్పేటప్పుడు "వన్ పాయింట్ ఫైవ్" కంటే "ఒకటిన్నర" క్షేమం. ఫోనులో డాక్టరు చెప్పిన మోతాదును రాసుకుని, రాసింది తిరిగి చదివి వినిపించి, అవునన్నాకే ఇవ్వాలి. రాత్రిపూట డాక్టరు విసుక్కున్నా సరే. మోతాదు మీద అనుమానం వస్తే అడిగే హక్కే కాదు, అడగవలసిన బాధ్యత కూడా నర్సుకు ఉంది. మన వార్డుల్లో పెద్దాచిన్నా తేడాలవల్ల ఈ ఒక్క ప్రశ్న గొంతులోనే ఆగిపోతుంటుంది. నా దృష్టిలో నర్సింగ్ శిక్షణలో అన్నిటికంటే కష్టమైన పాఠం ఇదే.

సూది వేళ

"అల్లరి చేశావంటే సిస్టరు సూది వేస్తుంది" అని తల్లి బెదిరిస్తుంది. ఆ మాట విన్నప్పుడు నర్సు నవ్వి ఊరుకోకూడదు. "మాట వినకపోతే సూది వేయనురా కన్నా, జబ్బు తగ్గడానికే వేస్తాను" అని బిడ్డకే చెప్పాలి. "నొప్పే ఉండదు" అనడం కూడా తప్పే. ఒకసారి మోసపోయిన బిడ్డ రెండోసారి చేయి ఇవ్వడు. "చీమ కుట్టినట్టు కాసేపు ఉంటుంది, పది లెక్కపెట్టేలోపు అయిపోతుంది" అంటే అది నిజం. చంటిబిడ్డకు తల్లి పాలిస్తుండగా సూది వేస్తే ఏడుపు తగ్గుతుంది. ఆరేళ్ల పిల్లకు "ఏ చేతికి వేయమంటావు?" అని ఎంచుకునే అవకాశం ఇవ్వవచ్చు. "వేయనా, వద్దా?" అని మాత్రం అడగకూడదు.

మాట రాని బిడ్డ నొప్పిని కొలవడానికి 1997లో వెలువడిన ఫ్లాక్ అనే కొలబద్ద ఉంది. ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఓదారిస్తే ఊరుకోవడం అనే అయిదింటికీ సున్న నుంచి రెండు దాకా మార్కులు వేసి, పదికి ఎంతో చూస్తారు. మూడేళ్లు దాటిన పిల్లలకు నవ్వు ముఖం నుంచి ఏడుపు ముఖం దాకా ఆరు బొమ్మలు చూపి, నీది ఏదని అడుగుతారు.

ఇంటికి పంపేటప్పుడు

విరేచనాలు తగ్గి ఇంటికి వెళుతున్న ఏడాది బిడ్డ తల్లికి ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, జింకు మాత్రలు ఇస్తారు. "అర్థమైందా అమ్మా?" అని అడిగితే "అయిందమ్మా" అంటుంది. కాదనడానికి మొహమాటం. అలా కాకుండా "ఇంటికెళ్లాక ఎలా కలుపుతారో నాకు ఒకసారి చేసి చూపించండి, నేను సరిగ్గా చెప్పానో లేదో తెలుస్తుంది" అనాలి. అప్పుడు బయటపడుతుంది: లీటరు నీళ్లలో కలపవలసిన పొట్లాన్ని ఆమె గ్లాసులో పోయబోతుంది. అంత ఉప్పు బిడ్డకు ప్రమాదం. లీటరు సీసాను చేతికిచ్చి, అందులోనే కలిపించాలి. విరేచనం అయినప్పుడల్లా 50 నుంచి 100 మి.లీ. చెంచాతో పట్టించాలనీ, వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలనీ, ఒక రోజు దాటిన నీళ్లు పారబోయాలనీ చెప్పాలి. జింకు మాత్ర రోజుకు ఒకటి, పద్నాలుగు రోజులు. మూడో రోజుకే విరేచనాలు ఆగిపోతాయి, తల్లి మాత్రలు అటక మీద పెట్టేస్తుంది. కాబట్టి పద్నాలుగో రోజు ఏ వారం, ఏ తేదీ అవుతుందో ఆమె చేతనే లెక్కపెట్టించి పొట్లం మీద రాయాలి. తాగలేకపోయినా, తాగిందంతా కక్కేసినా, ఫిట్స్ వచ్చినా, పిలిస్తే పలకకుండా మగతగా పడి ఉన్నా తెల్లవారేదాకా ఆగకుండా తీసుకురమ్మని చెప్పి, ఆ నాలుగింటినీ ఆమె నోటితో, వీలైతే నానమ్మ నోటితో కూడా, ఒకసారి చెప్పించుకుని అప్పుడు డిశ్చార్జి కాగితం ఇవ్వాలి.