చిన్న ఫ్లాటుకు వాషింగ్ మెషీన్... కొలిచాకే కొనాలి

మద్దిలపాలెం: దుకాణంలో ముచ్చటగా కనిపించిన వాషింగ్ మెషీన్ ఇంటికి చేరాక స్నానాల గది గుమ్మం దాటదు. గుమ్మం దాటితే పైనున్న గీజరు తగిలి మూత తెరుచుకోదు. మూత తెరుచుకున్నా నీటి ఒత్తిడి చాలక మధ్యలో ఆగిపోతుంది. వాయిదాల మీద కొన్న మెషీన్ మూలన పడినా నెల తిరిగేసరికి వాయిదా మాత్రం కట్టక తప్పదు. మద్దిలపాలెంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఆర్టీసీ డిపో పరిసరాల్లోని ఒకటి, రెండు పడక గదుల ఫ్లాట్లలో ఉండేవారు ఈ ఇబ్బంది పడకూడదంటే ఏ రకం కొనాలన్నది దుకాణంలో కాక ఇంట్లోనే తేల్చుకోవాలి. అందుకు కావలసింది ఒక టేపు, ఒక కాగితం.

ముందు జాగా చూడాలి

ముందువైపు తలుపుండే ఫ్రంట్‌లోడ్ మెషీన్లు సాధారణంగా 60 సెంటీమీటర్ల వెడల్పు, 85 సెంటీమీటర్ల ఎత్తు ఉంటాయి. లోతు 45 నుంచి 60 సెంటీమీటర్ల వరకు ఉంటుంది. వీటి ఎదుట తలుపు తెరవడానికి, మనిషి వంగి బట్టలు తీయడానికి మరికొంత చోటు వదలాలి. వంటగది గట్టు కింద పెట్టదలచినవారు గట్టు ఎత్తును నేల నుంచి పలక అడుగు వరకు కొలవాలి. పలక పైభాగం వరకు కొలిస్తే రెండు అంగుళాల తేడాతో మెషీన్ పట్టకుండా పోతుంది.

పైనుంచి బట్టలు వేసే టాప్‌లోడ్ మెషీన్లకు వెడల్పు కొంత తక్కువే చాలు. అయితే మూత పైకి లేచేందుకు చోటు కావాలి. పైన గీజరు, అల్మరా ఉన్న మూలలో ఇవి కుదరవు. రెండు తొట్ల సెమీ ఆటోమేటిక్ మెషీన్ 80 సెంటీమీటర్ల వరకు వెడల్పు ఉన్నా లోతు తక్కువ కావడంతో గోడ వారగా సర్దుకుంటుంది. ఏ రకమైనా వెనుక గొట్టాల కోసం నాలుగు అంగుళాలు వదలాలి. లిఫ్టు తలుపు, మెట్ల మలుపు, గది గుమ్మం కొలతలు కూడా రాసుకోవాలి. గుమ్మం కొలిచేటప్పుడు చట్రాన్ని కలపకూడదు, లోపలి ఖాళీనే లెక్కించాలి.

ట్యాంకు కిందే ఉన్నా ధార సన్నం

మెషీన్‌లోకి నీరు సక్రమంగా రావాలంటే తగినంత ఒత్తిడి ఉండాలి. పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి సుమారు ఒక బార్ ఒత్తిడి ఉంటుంది. చాలా ఆటోమేటిక్ మెషీన్లకు కనీసం 0.3 బార్, అంటే ట్యాంకులోని నీరు కుళాయి కన్నా మూడు మీటర్ల పైన ఉండాలి. కింది అంతస్తులవారికి ఇది సమస్య కాదు. మేడ మీది ట్యాంకుకు సరిగ్గా కింద ఉండే చివరి అంతస్తువారికే చిక్కు. వారు చిన్న ప్రెషర్ పంపు బిగించుకోవాలి. లేదా బకెట్‌తో నీరు పోసుకోగల సెమీ ఆటోమేటిక్ ఎంచుకోవాలి.

నీటి వాడకంలోనూ తేడా ఉంది. ఆరేడు కిలోల ఫ్రంట్‌లోడ్ ఒక్కో ఉతుకుకు సుమారు 50 నుంచి 60 లీటర్లు వాడితే, అదే సామర్థ్యం గల టాప్‌లోడ్‌కు దాదాపు రెట్టింపు కావాలి. వేసవిలో ట్యాంకర్ల మీద ఆధారపడే అపార్ట్‌మెంట్లకు ఇది చిన్న విషయం కాదు. బోరునీరు వాడేవారికి సబ్బు సరిగా నురగ రాదు, హీటరుపై సున్నం పేరుకుంటుంది. అప్పుడప్పుడు సున్నం వదిలించే పొడి వేసి ఖాళీగా తిప్పాలి.

ఎర్తింగ్ లేకుంటే ముప్పు

హీటరున్న మెషీన్ 2000 వాట్ల వరకు కరెంటు తీసుకుంటుంది. దీనికి 16 ఆంపియర్ల ప్రత్యేక సాకెట్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు నుంచి తీగ లాగడం ప్రమాదకరం. తడి నేల మీద నిలబడి తాకే పరికరం కాబట్టి ఎర్తింగ్ సక్రమంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించాలి. కరెంటు లీకైన వెంటనే సరఫరా ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే ప్రాణాలకు రక్షణ. బ్రిటన్‌లో స్నానపు తొట్టెకు దగ్గరలో మామూలు ప్లగ్ సాకెట్లు పెట్టడానికి నిబంధనలు ఒప్పుకోవు. అక్కడ చాలా ఇళ్లలో మెషీన్ వంటగది గట్టు కిందే కనిపిస్తుంది. మన ఫ్లాట్లలోనూ స్నానాల గది కన్నా వాష్ ఏరియా మేలు.

ఆరేయడమే అసలు సమస్య

సముద్ర తీరం కావడంతో విశాఖలో గాలి తేమ ఎప్పుడూ ఎక్కువే. వానాకాలంలో, అక్టోబరు తుపాన్ల రోజుల్లో బట్టలు రెండో రోజుకు కూడా ఆరక ముక్క వాసన వేస్తాయి. కాబట్టి పిండే వేగాన్ని తప్పక చూడాలి. నిమిషానికి 700 చుట్లు తిరిగే డ్రమ్ము కన్నా 1200 చుట్లు తిరిగేది నీటిని బాగా పిండేస్తుంది. ఉతికి ఆరబెట్టే రెండు పనులూ చేసే మెషీన్లు జాగా ఆదా చేస్తాయి గానీ, ఉతికిన బట్టలన్నిటినీ ఒకే విడతలో ఆరబెట్టలేవు. కరెంటు ఖర్చూ ఎక్కువే. బాల్కనీ కప్పుకు తాడుతో దించి ఎత్తే దండెం చాలామందికి సరిపోతుంది. రెయిలింగ్ మీదికి వంగి బట్టలు ఆరేయాల్సిన అవసరమూ తప్పుతుంది.

ఎవరికి ఏది?

తరచూ ఇల్లు మారే అద్దెదారులకు, నీరు వేళకే వచ్చే ఇళ్లకు సెమీ ఆటోమేటిక్ అనువు. బరువు తక్కువ, మోయడం సులభం. తొట్టి నుంచి తొట్టికి బట్టలు మార్చే శ్రమ మాత్రం ఉంటుంది. నడుము నొప్పితో వంగలేని పెద్దలున్న ఇంటికి టాప్‌లోడ్ నయం. సొంత ఫ్లాటు, తగిన ఒత్తిడి, గట్టి నేల ఉన్నవారికి ఫ్రంట్‌లోడ్ మంచిది. దీని బరువు 60 కిలోలు దాటుతుంది. బిగించేటప్పుడు వెనుకనున్న రవాణా బోల్టులు తీయించకుంటే మెషీన్ ఎగిరెగిరి పడుతుంది. నలుగురున్న కుటుంబానికి ఆరేడు కిలోల సామర్థ్యం చాలు. ఈ కిలోలు పొడి బట్టల బరువు. ఎలుకల బెడద ఉన్న ఇళ్లలో అడుగున జాలీ ఉన్నదే కొనాలి.

మెషీన్‌కు చోటు చేయడానికి బట్టలుతికే బండను తీయించేవారూ ఉన్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరాన్ని తాకాక రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు ఆదుకున్నవి బకెట్, బండే. వీలైతే దాన్ని అలాగే ఉంచుకోవడం మంచిది. జాగా, గుమ్మం, కుళాయి, సాకెట్... ఈ నాలుగు వివరాలూ రాసుకున్న కాగితం చేతిలో ఉంచుకుని దుకాణానికి వెళ్తే, కట్టే ప్రతి వాయిదా పనికొచ్చే వస్తువు కోసమే అవుతుంది.