అమ్మ మెదడు కుదించుకుపోయిందట!



పుప్పాలగూడ ఒకప్పుడు పొలాల పల్లె. ఇప్పుడు చుట్టూ ఎత్తయిన మేడలు లేచినా, పాత ఇళ్ళలో ఆనాటి పెద్దలు ఇంకా ఉన్నారు. వారిలో ఎవరికైనా తల తిరుగుతోందంటే డాక్టరుగారు స్కానింగు వ్రాస్తారు. రిపోర్టు అడుగున, వయసు రీత్యా మెదడు కుదించుకున్నది అన్న మాట కనబడుతుంది. అంతే, ఇంటిల్లిపాదికీ భయం. అమ్మ దగ్గరి బీరువా తాళాలు కోడలి చేతికి పోతాయి. ఇంటి సంగతులు ఆమెతో చెప్పడం మానేస్తారు. ఆ మాటకు అంత అర్థం లేదు.

ఎం.ఆర్.ఐ. యంత్రం అయస్కాంత శక్తితో మెదడును పొరలు పొరలుగా ఫోటో తీస్తుంది. నలభై దాటాక మెదడు పదేళ్ళకు సుమారు 5 శాతం చొప్పున తగ్గుతుందని అంచనా. ఫోటోలో ముడతల మధ్య సందులు వెడల్పవుతాయి, లోపల నీరుండే గదులు పెద్దవవుతాయి. నుదుటి వెనుక భాగమూ, కొత్త సంగతులను జ్ఞాపకంలో నిలిపే హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగమూ ఎక్కువగా తగ్గుతాయి. కణాలు కుప్పలుగా చచ్చిపోతాయని పూర్వం అనుకునేవారు. నిజానికి ఎక్కువగా జరిగేది కణాలు చిన్నవై, వాటి మధ్య అల్లిక పలచబడడమే. అందుకే పేర్లు నోటి చివర ఆగిపోతాయి. మాటల సంపద మాత్రం చాలాకాలం చెక్కుచెదరదు. నాలుగు తరాల చుట్టరికాలు తెలియాలంటే ఇప్పటికీ అమ్మమ్మనే అడగాలి గదా!

అసలు మామూలు మెదడంటే ఎవరిది? చాలాకాలం పాశ్చాత్యుల మెదళ్ళే కొలబద్దగా ఉన్నాయి. పుప్పాలగూడకు దగ్గరలోనే, గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో జయంతి శివస్వామిగారి బృందం 50 మంది పురుషుల, 50 మంది స్త్రీల స్కానింగులతో భారతీయ మెదడు పటాన్ని తయారుచేసి 2019లో ప్రకటించింది. సగటున మన మెదడు పొడవు, వెడల్పు, ఎత్తులలో పాశ్చాత్యుల దానికంటే చిన్నదని తేలింది. (తెలివికీ దీనికీ ముడిపెట్టి పిల్లలు బెంగపడనక్కరలేదు!) పరాయి కొలతతో చూస్తే లేని కుదింపు కూడ ఉన్నట్టు తోచవచ్చు. అయితే ఆ పటం పడుచువారిది. డెబ్బయి ఏళ్ళ అమ్మను ఆ వయసువారితోనే పోల్చాలి.

ఫోటోలో కనబడని బలం కూడ ఒకటుంది. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడిగారి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. ఒకే భాష తెలిసినవారికంటే రెండు భాషలు మాట్లాడేవారికి ఆ జబ్బు నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా వచ్చింది. బడి ముఖం చూడనివారిలో కూడ ఈ తేడా కనబడింది. ఒకరితో తెలుగులో, మరొకరితో ఉర్దూలో బేరమాడే మన కూరగాయల అవ్వలకు ఇది మంచి కబురే.

తెలిసిన వీధిలో దారి తప్పుతున్నారా? డబ్బు లెక్కలో తడబడుతున్నారా? అడిగినదే గంటలో పదిసార్లు అడుగుతున్నారా? ఇవి ఎప్పుడు మొదలయ్యాయో కాగితం మీద వ్రాసుకొని, స్కానింగుతోపాటు డాక్టరుగారికి చూపించండి.