మెటాడేటా

దోహాలోని నజ్మాలో ఉంటున్న మనవాళ్లు ఆ ఊరి పాత సంగతులు తవ్వాలనుకుంటే, 2014లో మొదలైన ఖతార్ డిజిటల్ లైబ్రరీ ఉచితంగా తెరిచే ఉంది. గల్ఫ్ వ్యవహారాలను బ్రిటిష్ ఇండియా నడిపిన నాటి దస్త్రాలు, పటాలు, ఫొటోలు అందులో ఉన్నాయి. వెతకడానికి ఆధారం మెటాడేటా: ఎవరు రాశారు, ఎప్పుడు, ఏ ఊరి గురించి అన్న వివరాలు. వాటిని ఇప్పటి సిబ్బంది చేరుస్తారు; లోపలి పాఠంలో మాత్రం నాటి గుమాస్తా రాసిన స్పెల్లింగే ఉంటుంది. అందుకే 'దోహా' అని కొట్టి ఊరుకోకూడదు. 'బిద్దా' అన్న పాత పేరుతోనూ వెతకాలి. ఖతార్‌ను 'క్యూ'తోనే కాక 'కే' అక్షరంతోనూ ప్రయత్నించాలి. (ఇంటిపేరు స్పెల్లింగులతో వేగినవాళ్లకు ఇదేం కొత్త కాదు.) ఆపైన సంవత్సరాలతో వడకట్టాలి. చేతిరాత పుటలను యంత్రం సరిగా చదవలేదు, అక్కడ మెటాడేటాయే దిక్కు.