ఏవన్ నదిపై ఇరుకు పడవలో ఒక పగలు

ఇంగ్లండులో నారోబోటు అని పిలిచే పడవ వెడల్పు 7 అడుగులకు మించదు, పొడవు మాత్రం 70 అడుగుల దాకా ఉండవచ్చు. 18వ శతాబ్దంలో జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజనీరు తన కాలువలపై కట్టించిన లాకులు 7 అడుగుల వెడల్పువి కావడంతో, వాటిలో పట్టేటట్లుగానే పడవలకు ఈ కొలత స్థిరపడింది. గట్టు మీద నడిచే గుర్రం తాడుతో లాగగా బొగ్గునూ పింగాణీనీ మోసిన ఆ పడవల నమూనాలోనే నేడు ఉక్కుతో, డీజిల్ ఇంజనుతో, వంటగదితో, పడకలతో విహార పడవలు తయారవుతున్నాయి.

ఇవి కాలువల కోసం పుట్టినవే అయినా, నదిలో సాగే ప్రయాణపు సొగసు వేరు. షేక్‌స్పియర్ పుట్టిన స్ట్రాట్‌ఫర్డ్‌లో, నాటకశాల పక్కనున్న లాకు గుండా కాలువను విడిచి ఏవన్ నదిలోకి దిగిన పడవ, ఆ మహాకవి సమాధి ఉన్న హోలీ ట్రినిటీ చర్చిని కుడి గట్టున దాటి, నీటికి వంగిన విల్లో చెట్ల మధ్యగా, మనిషి నడక కంటే కాస్త ఎక్కువ వేగంతో దిగువకు సాగుతుంది. చుక్కాని పడవ వెనుక భాగాన ఉంటుంది కనుక, దాని పిడిని ఎడమకు నెడితే పడవ ముందు భాగం కుడికి తిరుగుతుంది. అంత పొడవైన పడవ ఆ మాట వినడానికి కొన్ని క్షణాలు పడుతుంది కాబట్టి, నడిపేవారు మలుపును ముందే ఊహించాలి.

మిగిలిన ఓర్పును లాకులు నేర్పుతాయి. నదికి అడ్డంగా చిన్న ఆనకట్టలు కట్టి నీటిని మెట్లు మెట్లుగా నిలిపినచోట, ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు పడవను దించే రాతి లేదా కాంక్రీటు తొట్టే లాకు. గోదావరి, కృష్ణా డెల్టాల వారికి ఈ మాటను విడమరచి చెప్పనక్కరలేదు. నిండిన తొట్టిలోకి పడవ చేరాక, ప్రయాణికులే దిగి, పైతలుపులకు అమర్చిన పొడవాటి దూలాలకు నడుం ఆనించి వాటిని మూస్తారు. తరువాత ఇనుప పిడి తిప్పి దిగువ తూములు ఎత్తితే నీరు మెల్లగా దిగిపోతూ, నాచు పట్టిన తడిగోడలు ఇరువైపులా పైకి లేస్తున్నట్లు కనిపిస్తాయి. అప్పుడు తాడును బిగించి కడితే పడవ దానికి వేలాడిపోతుంది; పైతలుపు అడుగునున్న గట్టు మీద వెనుక భాగం చిక్కుకుంటే పడవ మునిగే ప్రమాదమూ ఉంది. ఇలాంటి లాకులు ఆరు దాటేసరికి సాయంత్రమై, మధ్యయుగాల నాటి రాతి వంతెన ఉన్న బిడ్‌ఫర్డ్ గ్రామం వస్తుంది. భారీ వర్షాల తరువాత నది ఉరవడి పెరిగినప్పుడు మాత్రం పడవను కట్టి ఉంచి వేచి ఉండడమే క్షేమం.

ఈ దారి ఒకప్పుడు పూర్తిగా మూతపడిందంటే నమ్మడం కష్టం. 17వ శతాబ్దంలో విలియం శాండిస్ పడవలకు అనువుగా మలచిన ఈ నదిలో, రైళ్ళ రాకతో స్ట్రాట్‌ఫర్డ్ నుంచి ఈవ్‌షాం వరకు లాకులు శిథిలమయ్యాయి. ఎల్.టి.సి. రోల్ట్ తన పడవ జీవితంపై రాసిన 'నారో బోట్' 1944లో వెలువడి పాఠకులను కదిలించగా, 1946లో ఆయన, రాబర్ట్ ఏక్‌మన్ కలిసి జలమార్గాల పరిరక్షణకు ఒక సంఘాన్ని స్థాపించారు. ఆ ఉద్యమ స్ఫూర్తితోనే డేవిడ్ హచింగ్స్ నాయకత్వాన స్వచ్ఛంద కార్యకర్తలూ ఖైదీలూ కలిసి, విరాళాలతో కొత్త లాకులు కట్టి, 1974లో ఆ దారిని తిరిగి తెరిపించారు. చేతులతో మట్టి తవ్విన ఆ మనుషుల శ్రమ ఏ స్మారక చిహ్నానికీ తీసిపోదు.

షేక్‌స్పియర్ ఇల్లు చూడడానికి స్ట్రాట్‌ఫర్డ్ వెళ్ళే తెలుగువారు నాటకశాల పక్కనున్న ఆ లాకు దగ్గర కూడా కాసేపు నిలబడి, ఒక పడవ నదిలోకి దిగేదాకా చూడాలి.