బెంటొనైటు మన్ను – దాని పుట్టుక

బెంగుళూరు వంటి నగరములలో ఎత్తైన కట్టడములకు లోతైన పునాది గోతులు త్రవ్వునపుడు, గోడలు కూలకుండుటకై జిగురైన మట్టినీటిని వానిలో నింపుట కలదు. ఆ మన్ను పేరు బెంటొనైటు. మన దేశమున దీని గనులు ముఖ్యముగా గుజరాతులోని కచ్ఛ ప్రాంతమునను, రాజస్థానములోని బాడ్‌మేరు ప్రాంతమునను కలవు. తెలుగువారికి చిరపరిచితమైన నల్లరేగడికి ఈ మన్నుతో దగ్గర చుట్టరికము కలదు. బెంగుళూరు ఎఱ్ఱ నేలకు మాత్రము లేదు. ఈ భేదమునకు కారణములు రెండు: మూలశిల, నీటి నడక.

అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రమునందలి బెంటన్ శిలాస్తరములనుబట్టి నైట్ అను శాస్త్రజ్ఞుడు 1898లో ఈ పేరు పెట్టెను. ఇది అగ్నిపర్వతపు బూడిద మారగా ఏర్పడిన మన్ను అని 1926లో రాస్, షానన్ అనువారు నిర్వచించిరి. ఇందలి ప్రధాన ఖనిజము మాంట్‌మోరిల్లొనైటు.

అగ్నిపర్వతము బ్రద్దలైనపుడు పైకెగసిన శిలాద్రవము గాలిలో త్వరితముగా చల్లారును. స్ఫటికములు కట్టుటకు వ్యవధి లేనందున అది గాజు రేణువులగును. ఈ రేణువులే బూడిదయందు అధికముగా నుండును. సముద్రమునందో సరస్సునందో పడి, చిరకాలము నీటితో కూడియున్నచో ఈ గాజు క్రమముగా శిథిలమగును. క్షారములును, కొంత సిలికాయును నీటిలో కలిసిపోవును. మిగిలిన సిలికా, అల్యూమినా, మెగ్నీషియములు తిరిగి కూడి సన్నని పొరలుగా అమరును. బసాల్టు వంటి లావాశిలలును ఇట్లే మారగలవు. అయితే నీరు నిలిచియుండవలెను గాని వేగముగా కడిగివేయరాదు. కడిగివేసినచో మెగ్నీషియము, సిలికాలు వెడలిపోయి వేరొక మన్ను పుట్టును.

మాంట్‌మోరిల్లొనైటు పొర ఒక్కొక్కదానియందు రెండు సిలికా పలకల నడుమ ఒక అల్యూమినా పలక యుండును. అల్యూమినియము స్థానమున అక్కడక్కడ మెగ్నీషియము చేరుటచే పొరకు ఋణ విద్యుదావేశము కలుగును. దానిని సరిపుచ్చుటకు పొరల సందులలో సోడియము, కాల్షియము అయానులు నిలుచును. నీరు ఆ సందులలో జొరబడి పొరలను ఎడము చేయును. సోడియము రకము అనేక రెట్లు ఉబ్బును. కాల్షియము రకము అంతగా ఉబ్బదు. అందుచే పరిశ్రమలలో రెండవదానికి సోడా బూడిద కలిపి మొదటిదానివలె మార్చుదురు.

సుమారు 6.6 కోట్ల సంవత్సరముల క్రిందట దక్కను లావాలు వెలువడినవి. నేడు అవి దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర మిగిలియున్నవి. కచ్ఛ బెంటొనైటు ఈ అగ్నిశిలల మార్పువలననే కలిగినది. అవే లావాలు తెలంగాణమున ఆదిలాబాదు, వికారాబాదు ప్రాంతముల వరకు వ్యాపించియున్నవి. వాని శైథిల్యమున నల్లరేగడి ఏర్పడినది. రేగడి బెంటొనైటు కాదు. కాని అందలి ముఖ్య ఖనిజము ఆ కుటుంబమునకు చెందినదే. కనుకనే రేగడి వానకు ఉబ్బును, ఎండకు నెఱ్ఱెలు విచ్చును.

బూడిద యున్నంత మాత్రమున బెంటొనైటు కాజాలదు. సుమాత్రా ద్వీపములోని టోబా అగ్నిపర్వతము సుమారు 74 వేల యేండ్ల క్రిందట వెదజల్లిన బూడిద, నంద్యాల జిల్లా బనగానపల్లె చేరువనున్న జ్వాలాపురమున నేటికిని బూడిదగానే కనబడుచున్నది.

బెంగుళూరు స్థితి వేరు. లాల్‌బాగు గుట్టయందు కనబడు శిల నైసు. ఈ జాతి శిలలకు 1916లో స్మీత్ అను శాస్త్రజ్ఞుడు ద్వీపకల్ప నైసు అని పేరిడెను. వాని వయస్సు సుమారు 300 కోట్ల సంవత్సరములు. సముద్రమట్టమునకు దాదాపు 900 మీటర్ల యెత్తుననున్న ఈ పీఠభూమిపై వాననీరు నిలువక పల్లమునకు సాగిపోవును. అందుచే శిలలోని ఫెల్డ్‌స్పారు కయొలినైటుగా మారును. ఇనుము తుప్పై నేలకు ఎఱుపునిచ్చును. కయొలినైటు పొరలు ఒకదానినొకటి గట్టిగా పట్టుకొనియుండుటచే నీరు వాని నడుమ చొరదు. ఆ మన్ను ఉబ్బదు.

ఈ జ్ఞానము శాస్త్రజ్ఞులకే పరిమితము కాదు. బెంగుళూరు ఎఱ్ఱ నేలపై నిలుచు పునాది కొలత స్వగ్రామపు రేగడిపై చెల్లదు. రేగడి ప్రతి వర్షర్తువున లేచి, ప్రతి వేసవిని క్రుంగుటచే, లోతు చాలని పునాదిపై కట్టిన గోడలు బీటలు వారును. కావున ఇల్లు కట్టదలచినవారు ముందుగా నేలను పరీక్షింపజేయుట మేలు.