బంజారాహిల్సా... రేస్‌కోర్స్ రోడ్డా?

సభ పెట్టాలంటే శక్తినగర్‌కు రెండు రాజధానులు
పేట పేరు కన్నా అతిథి దారే ముఖ్యం
పన్ను లెక్క మరిస్తే జేబుకు చిల్లే

శక్తినగర్: ఊరు చిన్నదే. కానీ వెలుగు మాత్రం రాష్ట్రమంతటికీ పంచుతుంది. కృష్ణ ఒడ్డున దేవసూగూరు పక్కన 1985లో తొలి యూనిట్‌తో మొదలైన రాయచూరు థర్మల్ విద్యుత్ కేంద్రంలో తర్వాత తర్వాత యూనిట్ల సంఖ్య ఎనిమిదికి, సామర్థ్యం 1720 మెగావాట్లకు చేరింది. దాన్ని నమ్ముకుని కాంట్రాక్టర్లు, లారీల యజమానులు, బూడిద ఇటుకల యూనిట్లవాళ్లు బతుకుతున్నారు. రాయచూరు వైపు నాలుగు అడుగులు వేస్తే రైస్‌మిల్లులు, జిన్నింగ్ మిల్లులు, అడ్తి దుకాణాలు. సింధనూరు, మాన్వి వైపు తుంగభద్ర ఎడమ కాలువ కింద ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడిన రైతుల క్యాంపులు సరేసరి. వీళ్లలో ఇంట్లో తెలుగు, బజార్లో కన్నడం మాట్లాడేవాళ్లే ఎక్కువ.

వ్యాపారం కాస్త పుంజుకుందంటే ఏదో ఒకనాడు సభ పెట్టక తప్పదు. డీలర్ల సమావేశం కావొచ్చు, కొత్త బ్రాండు బియ్యం బస్తా విడుదల కావొచ్చు, బ్యాంకు అధికారులకో యంత్రాల కంపెనీ వాళ్లకో విందు కావొచ్చు. ఊళ్లో కల్యాణ మండపంలో పెడితే ఖర్చు తక్కువే. కానీ ముంబయి నుంచో చెన్నై నుంచో రావాల్సిన కొనుగోలుదారు అంత దూరం రావడానికి వెనకాడతాడు. పెద్ద నగరంలో, నలుగురికీ తెలిసిన పాత గొప్ప పేటలో పెడితే ఆహ్వానపత్రం చూడగానే ఒక గౌరవం వస్తుంది. అయితే ఏ నగరం? ఏ పేట? ఒక్క పూట సభకు మిల్లు సీజన్ లాభంలో మంచి ముక్కే పోతుంది కాబట్టి ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు.

పాత రాజధాని పక్కనే...

1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా రాయచూరు హైదరాబాద్ సంస్థానంలో, ఆపైన హైదరాబాద్ రాష్ట్రంలో జిల్లా. కోర్టు పనైనా, సర్కారు పనైనా, సరుకు బేరమైనా హైదరాబాదే దిక్కు. రాజధాని బెంగళూరుకు మారినా దారి మారలేదు. శక్తినగర్ దగ్గర నిజాం కాలంలో కృష్ణపై కట్టిన రాతి కమానుల వంతెన దాటితే అవతల తెలంగాణ. మక్తల్, దేవరకద్ర, మహబూబ్‌నగర్, జడ్చర్ల మీదుగా హైదరాబాద్‌కు దాదాపు 180 కిలోమీటర్లు. బెంగళూరు అంటే 400 పైమాటే.

2023 అక్టోబరులో కృష్ణ స్టేషన్ మీదుగా కాచిగూడ - రాయచూరు రైలు మొదలయ్యాక హైదరాబాద్ ఇంకాస్త దగ్గరైంది. అందుకే మిల్లర్లు, పత్తి వ్యాపారులు సభ అనగానే ముందు హైదరాబాద్ వైపే చూస్తారు.

గుట్టల మీద గొప్ప పేట

హైదరాబాద్‌లో పాత గొప్ప పేట అనగానే గుర్తొచ్చేది బంజారాహిల్స్. ఒకప్పుడు ఇది రాళ్లగుట్టలు, తుప్పలు తప్ప ఏమీ లేని చోటు. అక్కడ ఉండే బంజారాల పేరే గుట్టలకు వచ్చింది. నిజాం కొలువులోని మెహదీ నవాజ్ జంగ్ బండరాళ్లను తొలగించకుండా వాటినే గోడలుగా కలుపుకొని 1930లలో ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు. ఆ తర్వాత ఒక్కరొక్కరుగా నవాబులు, అధికారులు గుట్టలెక్కారు. 1960లో గుజరాత్ రాష్ట్రానికి తొలి గవర్నరుగా వెళ్లింది ఈ మెహదీ నవాజ్ జంగే కావడం విశేషం.

ఇప్పుడు రోడ్ నంబర్ 1లో తాజ్‌కృష్ణ, రోడ్ నంబర్ 2లో పార్క్ హయత్ వంటి పెద్ద హోటళ్లున్నాయి. శక్తినగర్ నుంచి కారులో వెళ్లేవాళ్లకు ఇక్కడికి చేరడమూ సులువే. శంషాబాద్ దాటి ఆరాంఘర్ దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే 11 కిలోమీటర్లకు పైగా సిగ్నల్ లేకుండా మెహిదీపట్నంలో దిగొచ్చు. అక్కడి నుంచి మాసాబ్‌ట్యాంక్, ఆపై రోడ్ నంబర్ 1. 2009లో ఈ ఫ్లైఓవర్ వచ్చాకే దక్షిణం నుంచి వచ్చేవాళ్లకు బంజారాహిల్స్ అందుబాటులోకి వచ్చిందంటే అతిశయోక్తి కాదు.

అయితే ఒక మెలిక ఉంది. 2008 మార్చి వరకు విమానాలు బేగంపేటలో దిగేవి. దిగిన అతిథి కాసేపటికే బంజారాహిల్స్ హోటల్లో ఉండేవాడు. ఆ పేటకు సభల కళ రావడానికి అదీ ఒక కారణం. 2008 మార్చి 23న విమానాలు శంషాబాద్‌కు మారాయి. ఇప్పుడు అతిథి దిగేది ఊరి బయట. పొద్దున ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య దిగే అతిథి నగరం రద్దీలో చిక్కుకుంటే పదిన్నర సభకు అందుకోవడం కష్టమే.

వర్తకుల పాత చిరునామా

హంగు కన్నా పని ముఖ్యం అనుకునే వాళ్లకు నాంపల్లి, రెడ్‌హిల్స్, లక్డీకాపూల్ ప్రాంతం ఉండనే ఉంది. 1917 నాటి వర్తక, పరిశ్రమల సమాఖ్య (అప్పటి ఫ్యాప్సీ, ఇప్పటి ఎఫ్‌టీసీసీఐ) కార్యాలయం ఫెడరేషన్ హౌస్ రెడ్‌హిల్స్‌లోనే ఉంది. అందులో సభా మందిరమూ ఉంది. వర్తకులకు, పన్ను అధికారులకు, బ్యాంకువాళ్లకు ఆ చిరునామా కొత్త కాదు.

ఆ పక్కనే నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానం. సంస్థానంలో తయారైన సరుకును జనానికి చూపాలని ఉస్మానియా పట్టభద్రులు 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో నుమాయిష్ మొదలుపెట్టారు. 1946లో అది ఇప్పటి మైదానానికి మారింది. ఏటా జనవరి 1న మొదలై ఫిబ్రవరి నడిమి దాకా సాగుతుంది. ఆ నెలన్నర నాంపల్లి చుట్టూ సాయంత్రం సభ పెట్టుకున్నారంటే అతిథులు దారిలోనే ఉండిపోతారు. 2019 జనవరి 30 రాత్రి నుమాయిష్‌లో జరిగిన అగ్ని ప్రమాదంలో పెద్ద సంఖ్యలో స్టాళ్లు కాలిపోయాయి. ఎక్కడ సభ పెట్టినా బయటికి వెళ్లే దారులు ఎన్ని, అగ్నిమాపక అనుమతి ఉందా అని అడగడం చాదస్తం కాదు.

మహళ్లు బాగు... దారులే ఇరుకు

ఇంకాస్త ఘనంగా ఉండాలనుకునేవాళ్ల కన్ను పాతబస్తీ మహళ్ల మీద పడుతుంది. చార్మినార్ పక్కన ఖిల్వత్‌లోని చౌమహల్లా నిజాంల కొలువు కూటం. 2025 మేలో మిస్‌వరల్డ్ పోటీదారులకు తెలంగాణ ప్రభుత్వం విందు ఇచ్చింది అక్కడే. షాండ్లియర్ల వెలుగులో ఫొటోలు బాగా వస్తాయి, సందేహం లేదు. కానీ చుట్టూ ఇరుకు వీధులు. బస్సు గుమ్మం దాకా వెళ్లదు. రంజాన్ నెల రాత్రుళ్లు చార్మినార్ చుట్టుపక్కల అడుగు తీసి అడుగు వేయలేం.

ఫలక్‌నుమా సంగతి వేరు. పైగా ప్రభువు వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టిన ఈ గుట్టమీది మహలు తర్వాత ఆరో నిజాం చేతికి వెళ్లింది. 2010 నుంచి తాజ్ హోటల్‌గా నడుస్తోంది. 101 మంది ఒకే బల్ల చుట్టూ కూర్చునే భోజనశాల దీని ప్రత్యేకత. ఆ సంఖ్యలోనే పాఠం ఉంది. నలభై మంది పెద్ద కొనుగోలుదార్లను కూర్చోబెట్టి మాట్లాడాలంటే దాన్ని మించిన చోటు లేదు. ఐదొందల మంది డీలర్లకు బ్యాగులు పంచి, తెర మీద లెక్కలు చూపించాలంటే మాత్రం అది చోటు కాదు.

పగలు పని, రాత్రి విందు

ఈ చిక్కును ఎలా విడదీయాలో హైదరాబాదే ఒకసారి చేసి చూపింది. 2017 నవంబరు 28 నుంచి 30 వరకు ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు ఇక్కడ జరిగింది. ఇవాంకా ట్రంప్ వచ్చిన సదస్సు అంటే అందరికీ గుర్తొస్తుంది. దాదాపు 1500 మంది ప్రతినిధులు కూర్చుని మాట్లాడింది మహల్లో కాదు, హైటెక్‌సిటీ పక్కన 2006లో మొదలైన హెచ్‌ఐసీసీలో. మొదటి రాత్రి ప్రధాని విందు ఫలక్‌నుమాలో, మరునాటి రాత్రి రాష్ట్ర ప్రభుత్వ విందు గోల్కొండ కోటలో ఇచ్చారు. కొత్త హాలు పనికి, పాత కట్టడం మర్యాదకు.

చిన్న వ్యాపారికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. పగటి సమావేశం శంషాబాద్ వైపో, బయటి రింగు రోడ్డుకు దగ్గరగానో మామూలు హాలులో పెట్టుకుని, ముఖ్యులైన పాతిక ముప్పై మందికి మాత్రం సాయంత్రం పేరున్న చోట భోజనం పెడితే ఖర్చు అదుపులో ఉంటుంది. మాట దక్కుతుంది. గుర్తూ మిగులుతుంది.

రేస్‌కోర్స్ రోడ్డు ఎవరికి?

అలాగని బెంగళూరును పక్కన పెట్టేయడానికి వీల్లేదు. థర్మల్ కేంద్రం మీద ఆధారపడిన కాంట్రాక్టరుకు అసలు దర్బారు అక్కడే. కర్ణాటక విద్యుత్ కార్పొరేషన్ ప్రధాన కార్యాలయం శక్తిభవన్ ఉన్నది రేస్‌కోర్స్ రోడ్డులోనే. అదే రోడ్డులో 1887లో మొదలైన వెస్ట్‌ఎండ్ హోటల్, పెద్ద పెద్ద చెట్లతో, తోటలతో ఇప్పటికీ దొరల కాలపు ఠీవితో ఉంటుంది. 2023లో ఈ రోడ్డుకు నటుడు అంబరీశ్ పేరు పెట్టారు. అయినా జనం నోట ఇంకా రేస్‌కోర్స్ రోడ్డే. ఆహ్వానపత్రంలో రెండు పేర్లూ వేయడం మంచిది.

మోక్షగుండం విశ్వేశ్వరయ్య చొరవతో 1916లో పుట్టిన వర్తక సంఘం నేటి ఎఫ్‌కేసీసీఐ. దాని కార్యాలయం కెంపేగౌడ రోడ్డులో ఉంది. 2025 ఫిబ్రవరిలో ఇన్వెస్ట్ కర్ణాటక సదస్సు ప్యాలెస్ మైదానంలో జరిగింది. రాయచూరులో రాత్రి ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి బెంగళూరు. స్టేషను నుంచి రేస్‌కోర్స్ రోడ్డు ఎంతో దూరం లేదు. పిలవాల్సింది కార్పొరేషన్ అధికారులను, రాష్ట్ర శాఖల వాళ్లను అయితే ఆ పది మందిని హైదరాబాద్‌కు రమ్మనడం కన్నా మనమే అక్కడికి వెళ్లడం తెలివైన పని.

సరిహద్దు దాటితే పన్ను మారుతుంది

చాలామంది మరిచే సంగతి ఇది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక సభకు తీసుకున్న హాలు ఏ రాష్ట్రంలో ఉంటే పన్ను ఆ రాష్ట్రపు లెక్కలో పడుతుంది. ఐజీఎస్టీ చట్టం 12వ సెక్షన్ చెప్పేది అదే. రాయచూరులో రిజిస్ట్రేషన్ ఉన్న మిల్లరు హైదరాబాద్‌లో హాలు తీసుకుంటే తెలంగాణ ఎస్‌జీఎస్టీ, సీజీఎస్టీ వేసి బిల్లు ఇస్తారు. కర్ణాటక నంబరు మీద ఆ పన్నును తిరిగి సర్దుబాటు చేసుకోలేరు. హాలు అద్దె 2 లక్షలైతే 18 శాతం చొప్పున 36 వేలు. అది పోయినట్టే. అదే బెంగళూరు హాలు అయితే నిబంధనలకు లోబడి ఆ 36 వేలు లెక్కలోకి తెచ్చుకోవచ్చు.

సభ మొత్తం ఏర్పాటును ఈవెంట్ సంస్థకు అప్పగిస్తే లెక్క వేరు. రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారికి ఆ సేవ అందినట్టు చూసేది వ్యాపారి రాష్ట్రంలోనే. అప్పుడు బిల్లు ఐజీఎస్టీ కింద వచ్చే వీలుంది. భోజనాల మీద పన్నుకు మాత్రం మామూలుగా సర్దుబాటు ఉండదు. అడ్వాన్సు కట్టకముందే ఆడిటరును అడగాలి. కట్టాక అడిగితే ఆయనైనా చేయగలిగింది తక్కువ.

ఇవి చూసుకుంటే మేలు

* ముందు అతిథుల జాబితా రాయండి. ఎక్కువమంది ఎక్కడ దిగుతారో, ఎటు నుంచి వస్తారో చూశాకే పేటను ఎంచుకోండి.

* కృష్ణ వంతెన మీద మరమ్మతులున్నాయేమో కనుక్కోండి. 2024 ఆరంభంలో పనుల కోసం రాకపోకలు ఆపినప్పుడు చుట్టు తిరిగి వెళ్లాల్సి వచ్చింది.

* ఆషాఢంలో, మూఢాల్లో పెళ్లిళ్లు ఉండవు. పెద్ద హాళ్లు ఖాళీగా ఉంటాయి. బేరానికి అదే అదను.

* ఆరుబయట పచ్చికలో విందు పెడితే రాత్రి 10 తర్వాత మైకు పనికిరాదు. వానాకాలమైతే లోపల మరో హాలు ఉందో లేదో చూసుకోవాలి.

* కారు నిలిపే చోటు ఎన్ని బండ్లకు సరిపోతుందో స్వయంగా వెళ్లి, సభ జరిగే గంటకే వెళ్లి చూడండి.

* డ్రైవర్లకు భోజనం, కూర్చునే చోటు ఏర్పాటు చేయండి. శక్తినగర్ నుంచి పోయి రావడానికి దాదాపు 360 కిలోమీటర్లు నడిపేది వాళ్లే.