తీర్చేసిన ఇంటి అప్పు సిబిల్‌లో ఎందుకు మిగులుతుంది?

క్రెడిట్ రిపోర్టు తెరవగానే ఎవరి కళ్లయినా ముందు మూడంకెల స్కోరు మీద పడతాయి. 300కీ 900కీ మధ్య ఎక్కడున్నామో చూసుకుంటాం, 750 దాటితే హమ్మయ్య అనుకుని మూసేస్తాం. హౌసింగ్ లోను విషయంలో దొర్లే తప్పులు మాత్రం ఇంకా కిందికి వెళ్తే గానీ కనపడవు. అక్కడ ప్రతి అప్పుకీ ఒక పట్టిక ఉంటుంది. నెలకో గడి చొప్పున మూడేళ్లు వెనక్కి వెళ్తుంది. గడిలో 000 ఉంటే ఆ నెల బాకీ లేదని అర్థం. 030 ఉంటే వాయిదా గడువు దాటి 30 రోజులైందని. మూడు ఎక్స్‌లు ఉంటే ఆ నెల బ్యాంకు ఏ సమాచారమూ పంపలేదని.

గడిలో పడేది రోజుల లెక్క, రూపాయల లెక్క కాదు. చిక్కు అక్కడే ఉంది.

ఒకాయన మిగిలిన ఎనిమిది లక్షల అప్పు ఒకేసారి కట్టేద్దామనుకున్నాడనుకోండి. బ్యాంకు 10వ తేదీ దాకా వడ్డీ లెక్కకట్టి, ఇంత కట్టమని కాగితం ఇచ్చింది. డబ్బు జమ అయ్యేసరికి 11 వచ్చింది. ఎనిమిదిన్నర శాతం చొప్పున ఎనిమిది లక్షల మీద ఒక రోజు వడ్డీ 186 రూపాయలు. ఈయన అప్పు తీరిపోయిందని నిశ్చింతగా ఉన్నాడు. కంప్యూటరు మాత్రం ఆ 186నే బాకీగా చూపిస్తూ, గడిలో 030, 060, 090 అని రోజులు లెక్కపెడుతూ పోతుంది. 90 రోజులు దాటడమంటే బ్యాంకులు ఖాతాను ఎన్‌పీఏగా, అంటే మొండి బాకీగా లెక్కగట్టే గీత దాటడమే. ఎనిమిది లక్షలు కట్టిన మనిషికి 186 రూపాయల దగ్గర మచ్చ!

ఇది అన్యాయమే కానీ, బ్యాంకు ఖాతా ప్రకారం తప్పు కాదు. ఈ తేడా తెలియక చాలామంది వృథాగా వాదిస్తారు. ఇలాంటప్పుడు ముందు ఆ బాకీ కట్టేయాలి, నో డ్యూ సర్టిఫికెట్ చేతికి తీసుకోవాలి, ఆ తర్వాతే గడుల సంగతి మాట్లాడాలి. నిజంగా తప్పయినవి వేరే ఉంటాయి. మనం కట్టిన సొమ్ము లోను ఖాతాకు జమ కాకుండా బ్యాంకులోనే మరో పద్దులో ఉండిపోవచ్చు. తక్కువ వడ్డీ కోసం అప్పును ఇంకో బ్యాంకుకు మార్చుకున్నాక పాతది మూసినట్టు నమోదు కాకపోవచ్చు, అప్పుడు ఒకే ఇంటి మీద రెండు అప్పులు కనిపిస్తాయి. అసలు మనది కాని అప్పే మన రిపోర్టులోకి వచ్చి చేరొచ్చు.

ఈ చివరిదానికి తెలుగువాళ్లం కాస్త ఎక్కువ జాగ్రత్తగా ఉండాలనిపిస్తుంది. దేశంలో క్రెడిట్ సమాచార సంస్థలు నాలుగున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. బ్యాంకుల నుంచి వచ్చే లక్షల పద్దుల్లో ఏది ఎవరిదో పేరు, పుట్టిన తేదీ, పాన్, ఫోను, చిరునామా పోల్చి ఇవి తేలుస్తాయి. మన ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తి పేరు. ఒకచోట ముందు, ఇంకోచోట చివర. వెంకటేశ్వరరావు అనే పేరును ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తామో మనకే తెలియదు. పాన్ సరిగ్గా ఉంటే చాలావరకు గొడవ ఉండదు. పాత పద్దులో పాన్ లేకపోయినా, ఒక అంకె తప్పు పడినా, అదే పేరున్న ఇంకొకాయన అప్పు వచ్చి మన నెత్తిన కూర్చునే వీలుంది.

దీని ఖరీదు తక్కువేం కాదు. స్కోరును బట్టి వడ్డీ రేటు మార్చే బ్యాంకులున్నాయి. 40 లక్షలు 20 ఏళ్లకు తీసుకుంటే ఎనిమిదిన్నర శాతం దగ్గర నెల వాయిదా సుమారు 34,713 రూపాయలు, తొమ్మిది దగ్గర 35,989. ఆ అరశాతానికి మొత్తం మీద మూడు లక్షల పైచిలుకు అదనంగా పోతుంది.

సరిచేయించడం ఎలా? చాలామంది నేరుగా సిబిల్ మీద పడతారు. ఉత్తరంలో రాసినదానికి పోస్ట్‌మ్యాన్‌తో తగువు పెట్టుకున్నట్టే అది. ఈ సంస్థలు బ్యాంకు పంపింది పంపినట్టు చూపిస్తాయి. 2005 నాటి క్రెడిట్ సమాచార సంస్థల చట్టం ప్రకారం, అప్పిచ్చిన బ్యాంకు ధ్రువీకరిస్తే తప్ప అవి వివరం మార్చడానికి లేదు. కాబట్టి సిబిల్ సైటులో ఉచితంగా ఫిర్యాదు పెట్టండి, కానీ అదే రోజు బ్యాంకుకూ రాయండి. ‘నా సిబిల్ సరిచేయండి’ అని రాస్తే బల్ల మీదే ఉండిపోతుంది. ఇలా రాయాలి: ‘ఫలానా లోను ఖాతా. మార్చి నెల గడిలో 031 ఉంది. ఆ నెల వాయిదా 5వ తేదీనే నా సేవింగ్స్ ఖాతా నుంచి వెళ్లింది, స్టేట్‌మెంట్ జతచేశాను. ఆ గడిని 000గా సరిచేసి నాలుగు సంస్థలకూ పంపగలరు.’

గడువు 30 రోజులు. అందులో బ్యాంకు వంతు 21. ఆలస్యం చేస్తే ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున ఫిర్యాదుదారుకు పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరులో ఆదేశించింది. ఆరు నెలల తర్వాత అది అమల్లోకి వచ్చింది. జాప్యం ఎవరిదైతే పరిహారం వాళ్లే కట్టాలి, బ్యాంకైనా, సంస్థయినా. కుదరదని తిప్పికొట్టినా కారణం చెప్పాలి. నా స్కోరు తక్కువగా లెక్కకట్టారన్న ఫిర్యాదుకు మాత్రం ఈ పరిహారం వర్తించదు. అందుకే ఫిర్యాదులో స్కోరు ఊసు ఎత్తకుండా గడి గురించే రాయడం మంచిది. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. క్రెడిట్ సమాచార సంస్థలు కూడా 2022 సెప్టెంబరు నుంచి ఆయన పరిధిలోకి వచ్చాయి.

సిబిల్ బాగు చేస్తామంటూ డబ్బు అడిగేవాళ్ల జోలికి వెళ్లకండి. తప్పును సరిచేయించడానికి రుసుము లేదు, నిజాన్ని చెరిపే దారీ లేదు. బ్యాంకుతో బేరమాడి తక్కువ కట్టి తేల్చుకున్న అప్పుకు ‘సెటిల్డ్’ అని పడితే అది నిజమే కదా!

సరయ్యిందని కబురు వచ్చాక కూడా ఒక నెల ఆగి మళ్లీ చూడాలి. బ్యాంకులు సమాచారాన్ని విడతలవారీగా పంపుతూనే ఉంటాయి, 2025 జనవరిలో అది పదిహేను రోజులకోసారి అయింది. బ్యాంకు సొంత ఖాతాలో తప్పు అలాగే ఉంటే తర్వాతి విడతలో అదే తప్పు తిరిగొస్తుంది. ప్రతి సంస్థా ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి కాబట్టి నాలుగూ తెప్పించుకుని చూడొచ్చు. ఇల్లు భార్యాభర్తలిద్దరి పేరా కొని ఇద్దరూ కలిసి అప్పు తీసుకుంటే, ఆ తప్పు ఇద్దరి రిపోర్టుల్లోనూ ఉంటుంది. ఆయనది సరయ్యిందని ఊరుకోకుండా ఆవిడ పాన్‌తో కూడా ఇంకోసారి తెరిచి చూడాలి.